కిందపడిన పెచ్చును ఊడ్చి పారేయకండి.. తిప్పి చూడండి! శ్లాబు మార్చాలా, మరమ్మతు చాలా?

2025 జూలై 25. రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా, పిప్లోదీ గ్రామం. ఉదయం బడి మొదలయ్యే వేళ ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలిపోయింది. ఏడుగురు చిన్నారులు ప్రాణాలు కోల్పోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని పిల్లలు చెప్పినా పట్టించుకోలేదన్న ఆరోపణలు ఆ తర్వాత బయటికొచ్చాయి. ఆ వీడియోలు మన ఫోన్లలోనూ తిరిగాయి. అయ్యో అనుకున్నాం, స్క్రోల్ చేసేశాం.

ఆ ఘటనలో అసలు ఆలోచించాల్సిన మాట ఒకటుంది. రాళ్లు ముందే రాలాయి. అంటే కప్పు ముందే చెప్పింది. సాధారణంగా ఏ పైకప్పూ చెప్పాపెట్టకుండా కూలదు. నెలల ముందు, చాలాసార్లు ఏళ్ల ముందే సంకేతాలు ఇస్తుంది. మరి మన ఇళ్లలో ఆ సంకేతాలను ఏం చేస్తున్నాం? చీపురుతో ఊడ్చేసి, పండక్కి పుట్టీ పెట్టించి, రంగు వేయించేస్తున్నాం.

రెండు తెలుగు రాష్ట్రాల్లో 1980లు, 90ల్లో కట్టిన డాబా ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. పెంకుటిల్లు తీసేసి శ్లాబు వేసుకోవడమంటే అప్పట్లో ఓ హోదా. ఆ శ్లాబులకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. వాటి కింద ఎక్కువగా ఉంటున్నది ఎవరు? పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడితే ఊళ్లో మిగిలిన తల్లిదండ్రులు. లేదంటే తక్కువ అద్దెకు దొరికిందని చేరిన కుటుంబాలు. పైకి చూసి భయపడినా ఖర్చు పెట్టలేనివాళ్లు, ఖర్చు పెట్టగలిగినా ఆ ఇంట్లో ఉండనివాళ్లు. సమస్య ఇక్కడే ఉంది.

నీరు కారితే శ్లాబు పోయినట్టేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. వానాకాలంలో చుక్కలు పడగానే శ్లాబు పని అయిపోయిందని బెంబేలెత్తుతారు. ఆ నీరు పిట్టగోడ, శ్లాబు కలిసే చోట ఉన్న సందులోంచి రావొచ్చు. డాబా మీది నీళ్లు పోయే గొట్టం చుట్టూ ఉన్న పగుళ్లలోంచి కావొచ్చు. ట్యాంకు కింద చెమ్మ కావొచ్చు. వాన లేని ఏప్రిల్‌లోనూ అదే మచ్చ తడిగా ఉంటే అది పైపు లీకేజీ, లేదంటే పై అంతస్తు బాత్రూం పుణ్యం. ఇవన్నీ బాగుచేసుకునే జబ్బులే. పట్టించుకోకుండా ఏళ్ల తరబడి వదిలేస్తేనే ఇవి లోపలి ఇనుము దాకా పోతాయి.

దీనికి రివర్స్‌లో ఇంకో రకం ఉంది. చుక్క నీరు కారదు. చూడ్డానికి పొడిగా, రంగు వేసి ఉంటుంది. కర్రతో తట్టి చూస్తే డొల్లగా మోగుతుంది. నిజంగా భయపడాల్సింది దీనికే.

ఎందుకంటే శ్లాబు ప్రాణం లోపలి ఇనుప కడ్డీల్లో ఉంది. కాంక్రీట్ నొక్కుడుకు తట్టుకుంటుంది, సాగదీస్తే తట్టుకోలేదు. గది మధ్యలో శ్లాబు కిందికి వంగాలని చూస్తుంటే ఆ లాగుడును మోసేది అడుగు భాగంలోని కడ్డీలే. అవి బాగున్నంత కాలం పైన ఎన్ని మచ్చలున్నా కప్పు నిలబడుతుంది. అవి తుప్పు పట్టి సన్నబడితే మాత్రం పైన ఎంత ఖరీదైన రంగేసినా లాభం లేదు.

ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది?

కొత్త కాంక్రీట్‌కు క్షార గుణం ఎక్కువ. పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము చుట్టూ ఓ సన్నటి రక్షణ పొర ఏర్పడుతుంది, తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లమెల్లగా కాంక్రీట్‌లోకి దిగుతూ ఆ క్షారాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. పీహెచ్ 9 దరిదాపులకు పడిపోయిన రోజు రక్షణ పొర పోతుంది. ఇక తేమ తగిలితే చాలు, తుప్పు మొదలు. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల ఉబ్బి, కింది కాంక్రీట్‌ను నెట్టేస్తుంది. మనం పెచ్చు ఊడిందంటాం చూడండి, దాని వెనక కథ ఇదే.

కడ్డీకి, కింది ఉపరితలానికి మధ్య ఉండే కాంక్రీట్ మందాన్ని మేస్త్రీలు 'కవర్' అంటారు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ పరిస్థితుల్లో అది 20 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట 45. మరి ముప్పై ఏళ్ల కిందట మన ఇళ్లలో ఎంత పెట్టారు? కవర్ బ్లాకులు ఎక్కడివి అప్పుడు! కంకర రాయి ఒకటి కడ్డీ కింద దూర్చేవాళ్లు. కాంక్రీట్ పోసేటప్పుడు నలుగురు తొక్కితే అదీ జారిపోయేది. కొన్ని ఇళ్లలో పెచ్చు ఊడాక చూస్తే కడ్డీ ప్లాస్టరింగ్‌కు ఆనుకునే ఉంటుంది.

ఇక్కడ ఓ లెక్క గుర్తుపెట్టుకోవాలి. గాలి కాంక్రీట్‌లోకి దిగే వేగం కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. రెట్టింపు లోతుకు వెళ్లాలంటే సుమారు నాలుగు రెట్ల కాలం పడుతుంది. అంటే కవర్ సగమైతే శ్లాబుకు దక్కే గడువు సగం కాదు, దాదాపు పావు వంతు. 20 మిల్లీమీటర్లు దాటడానికి 60 ఏళ్లు పట్టే కాంక్రీట్‌లో 10 మిల్లీమీటర్లు దాటడానికి 15 ఏళ్లు చాలు. ఒకే వీధిలో, ఒకే ఏడాది కట్టిన రెండు ఇళ్లలో ఒకటి నిక్షేపంగా ఉండి ఇంకోటి రాలిపోతుండటానికి ఇదో పెద్ద కారణం. అందుకే "శ్లాబు ఎన్నేళ్లు వస్తుంది?" అన్న ప్రశ్నకు ఒక అంకె చెప్పేవాళ్లను నమ్మకండి.

తీర జిల్లాల్లో కథ ఇంకా వేగంగా నడుస్తుంది. ఉప్పుగాలి ఒకటే కాదు, కాంక్రీట్ కలిపేటప్పుడు వాడిన ఉప్పునీటి బావి నీళ్లు, సరిగ్గా కడగని ఇసుక కూడా కొన్ని ఇళ్ల పాలిట శాపం. ఉప్పు లోపలే ఉంటే క్షారం తగ్గేదాకా ఆగక్కర్లేదు, తుప్పు ముందే మొదలైపోతుంది. పైగా 1978 నాటి ప్రమాణం ఇంటి శ్లాబులకు ఎం15 రకం కాంక్రీట్‌ను అనుమతించింది. 2000 సంవత్సరంలో సవరించి కనీసం ఎం20 చేశారు. అంటే అంతకు ముందు కట్టిన ఇల్లు అప్పటి నిబంధన పాటించినా ఇప్పటి కనీస స్థాయికి తక్కువే ఉండొచ్చు.

పడిన పెచ్చు ఏం చెబుతుంది?

పెచ్చు పడగానే చీపురు తీయకండి. చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. అర అంగుళం మందంలో పలకలా ఉండి, లోపల ఇసుక, సిమెంటే కనిపిస్తే అది ప్లాస్టరింగ్. పైకి చూస్తే గట్టి బూడిదరంగు కాంక్రీట్ కనిపిస్తుంది, ఇనుము కనిపించదు. నెత్తిన పడితే దెబ్బే కానీ శ్లాబుకు ఢోకా లేదు. ఆ ముక్కలో కంకర రాళ్లుండి, వెనకవైపు కడ్డీ అచ్చు పడినట్టు ఎర్రటి గాడి ఉంటే మాత్రం విషయం వేరు. తుప్పు ఉబ్బి బయటికి నెట్టిన ముక్క అది. ఆ ముక్కను దాచండి, ఇంజినీర్ వచ్చినప్పుడు చూపించండి. ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

తర్వాత పొడవాటి కర్ర తీసుకుని గదంతా తట్టండి. పెచ్చు మీద పడకుండా పక్కకు నిలబడి తట్టాలి సుమా. గట్టిగా 'టక్' అంటే బాగున్నట్టు. కుండ మీద కొట్టినట్టు మోగితే లోపల పొర విడిపోయింది. ఆ చోట్లు సుద్దతో గుర్తు పెడితే జబ్బు ఎంత దూరం పాకిందో ఒక్క చూపులో తెలుస్తుంది. గదిలో ఓ మూల మాత్రమేనా, సగం గదా?

పగుళ్లన్నీ ఒకటి కావు. సాలెగూడులా అడ్డదిడ్డంగా ఉండే సన్నటి గీతలు చాలావరకు ప్లాస్టరింగ్‌వే. గీత గీసినట్టు తిన్నగా, అయిదారు అంగుళాల ఎడంతో ఒకదాని పక్కన ఒకటి వస్తే లోపలి కడ్డీల వరసే పైకి కనిపిస్తోందన్నమాట. ఆ గీతల వెంట గోధుమరంగు మరక దిగితే ఇక అనుమానం అక్కర్లేదు. తెల్లటి ఉప్పు తేలితే నీరు శ్లాబును దాటి వస్తోందని అర్థం. అది హెచ్చరికే కానీ తీర్పు కాదు.

శ్లాబు వంగిందేమో అనుమానమా? గదికి అటూ ఇటూ గోడల దగ్గర కప్పుకు అంగుళం కిందగా దారం బిగించి కట్టండి. మధ్యలో కప్పుకు, దారానికి ఎంత ఎడం ఉందో కొలవండి. ఐఎస్ 456 లెక్కలో వంపు పొడవులో 250వ వంతు మించకూడదు. 12 అడుగుల గదికి అది అర అంగుళం పైచిలుకు. మధ్యలో ఎడం అర అంగుళం కంటే బాగా తగ్గిపోయిందంటే ఆలస్యం చేయొద్దు. ప్లాస్టరింగ్ హెచ్చుతగ్గుల వల్ల కొంత తేడా రావడం మామూలే. ఈ ఏడాది, వచ్చే ఏడాది కొలతలు పోల్చి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఫ్యాన్ కొక్కెం చుట్టూ కూడా చూడండి. కొక్కెం తుప్పు పట్టి చుట్టూ కాంక్రీట్ ఉబ్బితే మంచాన్ని ముందు అక్కడి నుంచి జరపండి, మిగతావి తర్వాత.

సజ్జలు, బాల్కనీల సంగతి పూర్తిగా వేరు. అవి గోడలోంచి బయటికి వేలాడతాయి కాబట్టి లాగుడు పైభాగంలో ఉంటుంది. కడ్డీలూ పైనే ఉండాలి. కిందినుంచి చూసి బాగుందనుకుంటే సరిపోదు. గోడకు ఆనుకుని పైన పొడవునా పగులుందేమో చూడాలి. ఉంటే దాని కింద కూర్చోవద్దు, పైన పూలకుండీలు పెట్టొద్దు.

ఊళ్లో అమ్మానాన్నల దగ్గర లేనివాళ్లు ఈసారి వీడియో కాల్‌లో భోంచేశారా అని అడిగాక ఫోన్ ఓసారి పైకి తిప్పమనండి. పడకగది, వంటగది, బాత్రూం.. ముఖ్యంగా చెమ్మ ఎక్కువుండే ఆ చివరి రెండూ.

బాగుచేయబోయి బరువు పెంచుతున్నామా?

నీరు కారుతోందంటే మేస్త్రీ చెప్పే మొదటి మందు, డాబా మీద ఇంకో పొర గచ్చు. పదేళ్ల తర్వాత దాని మీద మరో పొర. ఆపైన టైల్స్. ప్రతి అంగుళం మందం చదరపు అడుగుకు దాదాపు 5 కిలోల బరువు తెస్తుంది. మూడు అంగుళాలైతే 15 కిలోలు. ఇంటి డాబా మీద మనుషులు తిరగడానికి, సామాను పెట్టడానికి ఐఎస్ 875 లెక్కగట్టే భారం చదరపు అడుగుకు 14 కిలోలు. అంటే మనుషుల కోసం ఉంచిన బలం మొత్తాన్ని గచ్చే తినేసింది! 10×12 గది మీద అది 1,800 కిలోలు. ఒక కారు ఎప్పుడూ డాబా మీద ఆపి ఉంచినట్టు. కింద కడ్డీలు సన్నబడుతున్నాయి, పైన బరువు పెరుగుతోంది. దానికి తోడు గది మధ్యలో వెయ్యి లీటర్ల ట్యాంకు.

కొత్త పొర వేయాలంటే ముందు పాతది తవ్వి తీయించడమే పద్ధతి. దుమ్ము, కూలి ఖర్చు ఎక్కువని ఎవరూ ఇష్టపడరు, అది వేరే సంగతి.

ఇంకో తప్పు ఫాల్స్ సీలింగ్. మచ్చలు కనబడకుండా పీవోపీ చేయించేస్తారు. ఆ రోజు నుంచి శ్లాబు ఏం చెప్పినా మీకు వినబడదు. కొత్తగా అద్దెకో, కొనుక్కోవడానికో పాత ఇల్లు చూస్తుంటే, ఒక్క గదికే ఫాల్స్ సీలింగ్ ఉంటే ఎందుకని అడగండి.

మరమ్మతా, మార్చడమా?

వైర్ బ్రష్‌తో కడ్డీ తుప్పు గీకి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే సగం జవాబు దొరుకుతుంది. 8 మిల్లీమీటర్ల కడ్డీ 7కి దిగితే పెద్దగా పోయిందేముంది అనిపిస్తుంది. కానీ బలం మందం మీద కాదు, కోత వైశాల్యం మీద ఆధారపడుతుంది. 7కి దిగితే 23 శాతం పోయినట్టు. 6కి దిగితే దాదాపు 44 శాతం. కొన్నిచోట్ల ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలి కడ్డీ తెగిపోతుంది. అక్కడిక కొలవడానికేం మిగల్లేదు.

ఒకటి రెండు చోట్లే పెచ్చులు ఊడి, కడ్డీల మందం దాదాపు అలాగే ఉంటే మరమ్మతు చాలు. అది కూడా సరిగ్గా చేయాలి. కడ్డీ వెనకదాకా చెక్కి, తుప్పు పూర్తిగా తీసి, తగ్గినచోట కొత్త కడ్డీ జత చేసి, పాలిమర్ మోర్టార్‌తోనో మైక్రో కాంక్రీట్‌తోనో నింపాలి. తుప్పు మీదే సిమెంట్ కొట్టేస్తే రెండు వానాకాలాల్లో మళ్లీ ఊడుతుంది.

డొల్ల శబ్దం సగం గదికి పైగా పాకినా, కడ్డీలు చాలాచోట్ల నాలుగో వంతు దాకా తరిగినా, శ్లాబు వంగడం కొలతలో పెరుగుతున్నా.. అప్పుడు ప్యాచ్‌ల మీద పెట్టే డబ్బు వృథా అని మా అంచనా. ఉప్పు చేరిన శ్లాబుకైతే ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఒకచోట కొత్త మోర్టార్ నింపితే దాని అంచు పక్కనున్న పాత కాంక్రీట్‌లో కడ్డీ అంతకు ముందు కంటే వేగంగా తుప్పు పట్టే ప్రమాదం ఉంది. ఈ ఏడాది ఒక ప్యాచ్, వచ్చే ఏడాది దాని చుట్టూ ఇంకో ప్యాచ్. ఖర్చు కూడబెడితే కొత్త శ్లాబు అయ్యేది!

తేల్చుకోలేకపోతే పరీక్షలున్నాయి. తాజాగా చెక్కిన చోట ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారం మిగిలిన కాంక్రీట్ గులాబీ రంగులోకి మారుతుంది, పోయిన చోట రంగు రాదు. రీబౌండ్ హామర్‌తో ఉపరితల గట్టిదనం, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపలి డొల్లలు, హాఫ్ సెల్ పరీక్షతో తుప్పు నడుస్తోందా లేదా అన్నది తెలుస్తుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. పరీక్ష చేసేవాళ్లు కెమికల్ అమ్మేవాళ్లు కాకూడదు, శ్లాబు కాంట్రాక్టు తీసుకునేవాళ్లూ కాకూడదు. ఒకరు డబ్బా రాస్తే చాలంటారు, ఇంకొకరు మొత్తం కొట్టేయాలంటారు. ఫీజు ఇచ్చి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపిస్తేనే మీ వైపు మాట్లాడే మనిషి దొరుకుతాడు.

శ్లాబు లేని ఇళ్లలో..

పెంకుటిళ్లకు ఇంత గొడవ లేదు. పగిలిన పెంకు మార్చుకోవచ్చు. దూలాలు, వాసాలు గోడలో దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి, మెత్తగా దిగితే చెద తినేసినట్టే. ఆస్బెస్టాస్ రేకులు పాతబడి పొడి రాలుతుంటే వాటిని పగలగొట్టకుండా, తడిపి, ముక్క కాకుండా దించాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

రాయలసీమ మట్టి మిద్దెలది మాత్రం ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం. 2024 ఆగస్టులో నంద్యాల జిల్లాలో మట్టి మిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు నిద్రలోనే చనిపోయారు. ఇలాంటి వార్త దాదాపు ప్రతి వానాకాలం రాస్తూనే ఉన్నాం. కారకుండా ఉండాలని ఏటా పైన మట్టి వేస్తారు. ఏళ్ల తరబడి ఆ మందం పెరుగుతుంది. రెండు రోజులు ముసురు పడితే ఆ మట్టి నీళ్లు తాగి ఇంకా బరువెక్కుతుంది, కింద దూలం అప్పటికే పుచ్చి ఉంటుంది. వాన వెలిశాక కూడా ఒకట్రెండు రోజులు ఆ కప్పు కింద పడుకోకపోవడమే మేలు.

నోటీసు ఇచ్చారు.. తర్వాత?

హైదరాబాద్‌లో ఏటా వానాకాలం ముందు శిథిల భవనాలకు జీహెచ్ఎంసీ నోటీసులు ఇస్తుంది. జీహెచ్ఎంసీ చట్టంలోని 456వ సెక్షన్ అందుకే ఉంది. (కాంక్రీట్ ప్రమాణం నంబరూ 456 కావడం యాదృచ్ఛికమే!) 2013 జూలైలో సికింద్రాబాద్‌లో సిటీ లైట్ హోటల్ భవనం కూలి పదిమందికి పైగా చనిపోయినప్పుడు ఈ నోటీసుల మీద పెద్ద చర్చే జరిగింది. చిక్కు ఎక్కడంటే.. ఖాళీ చేస్తే మళ్లీ ఆ అద్దెకు ఇల్లు దొరకదని అద్దెకున్నవాళ్ల భయం. ఖాళీ చేయించడానికే నోటీసు తెప్పించారని ఓనర్ మీద అనుమానం. వాటాల గొడవలో ఉన్న ఇళ్లలో అన్నదమ్ముల్లో ఎవరూ రూపాయి పెట్టరు. కాగితం గోడ మీదే ఉంటుంది.

సొంతిల్లున్న పేదలదీ ఇబ్బందే. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం రూ.5 లక్షలు ఇచ్చేది కొత్త ఇంటి నిర్మాణానికి. పాత శ్లాబు కింద బతుకుతున్న కుటుంబం ఊరి లెక్కల్లో పక్కా ఇల్లు ఉన్నవాళ్లుగానే కనిపిస్తుంది. పైన కడ్డీలు తేలి ఉన్నా సరే.

మార్చాలనుకున్నవాళ్లకు

పాత శ్లాబు కొట్టేముందు గోడలు కొత్త బరువు మోయగలవో లేదో చూపించుకోండి. పిట్టగోడ, ట్యాంకు, గచ్చు ముందు దించేయాలి. కింద జాకీలో, సరుగుడు బాదులో పెట్టకుండా సుత్తి వేయనివ్వొద్దు, గదులు మొత్తం ఖాళీ చేయాల్సిందే. పక్క గది శ్లాబు కడ్డీలు ఇందులోకి కలిసి ఉంటాయి కాబట్టి ఎక్కడిదాకా కోయాలో ఇంజినీర్ గీత గీసి చెప్పాలి. కొత్తది పోసేటప్పుడు మీరే దగ్గరుండి కవర్ బ్లాకులు లెక్కపెట్టుకోండి, రూపాయల్లో తేలే వస్తువు అది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంట్‌కు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మామూలు ఓపీసీ సిమెంట్ అయితే నాలుగున్నర మీటర్ల లోపు గదులకు 7 రోజుల దాకా, అంతకు మించితే 14 రోజుల దాకా కింది ఆధారాలు తీయనివ్వకండి, పీపీసీకైతే అంతకంటే ఎక్కువ రోజులు ఉంచాలి. సెంట్రింగ్ వాళ్లు వేరే సైట్ ఉందని నాలుగో రోజే వస్తారు, ససేమిరా అనండి. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. దసరా వెళ్లాక, వానలు పూర్తిగా తగ్గాక మొదలుపెడితే సంక్రాంతి లోపు మళ్లీ ఇంట్లో చేరొచ్చు.